పొలానికి జీవామృతం, గోడకు ప్లాస్టిక్ పెయింటా?

ఈసారి వీడియోలో పంట లేదు, కషాయం లేదు. గోడ ఉంది. మా ఇంటి గోడ. పోయిన ఎండాకాలం మూడు నెలలు నేనూ, మా ఇంటిల్లిపాదీ దానితోనే గడిపాం. వీడియో 18 నిమిషాలే కాబట్టి చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. అందులో చెప్పలేనివి, కొంచెం కోపంగా చెప్పాలనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

మాది నంద్యాల జిల్లా. మా తాత కట్టిన ఇల్లు. రెండడుగుల మందం నాపరాళ్ల గోడలు, రాళ్ల మధ్య ఎర్రమట్టి తప్ప ఇంకేమీ లేదు. మా చిన్నప్పుడు లోపలంతా మట్టిపూత, దానిమీద సున్నం, కింద జాజు పట్టె. 2013లో మా నాయన లోను తీసుకొని ఆ పూతంతా కొట్టించేసి సిమెంటు ప్లాస్టరింగు చేయించాడు, పైన ఎమల్షన్ పెయింటు వేయించాడు. లేత ఆకుపచ్చ రంగు. ఊర్లో అందరూ వచ్చి చూసిపోయారు. ఆ లోను కట్టడానికి మా నాయన రెండు కార్లు శనక్కాయ ధర లేకున్నా కళ్లంలోనే అమ్ముకున్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ గోడ మా ఇంట్లో ఉత్త గోడ కాదు.

మూడేళ్లకే పెయింటు బుడగలు వచ్చింది. ఐదేళ్లకు గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగింది. గీకి మళ్లీ పుట్టీ పెట్టించాం, మళ్లీ పొంగింది. డ్యాంప్ ప్రూఫ్ అని ఒక డబ్బా కొన్నాం, రంగుల షాపాయన ఇచ్చాడు, అదీ పూశాం. తేమ ఆగలేదు, ఇంకో అడుగు పైకి ఎక్కింది. రెండేళ్ల కింద అక్టోబరు వానల్లో ఒక రాత్రి పడమటి గదిలో పెద్ద శబ్దం. పీట అంత సిమెంటు పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ మంచం మీద మా పాప పడుకుంటుంది. ఆ రాత్రి జ్వరమొచ్చి వాళ్లమ్మ పక్కన పడుకుంది కాబట్టి సరిపోయింది.

పొద్దున ఆ పెచ్చు ఎత్తి చూశాను. వెనకవైపు మట్టి అంటుకొని ఉంది, చేతిలో పిసికితే నీళ్లు కారేంత తడి. అప్పుడు అర్థమైంది. నేల నుంచి తేమ మట్టిగోడలోకి ఎక్కుతానే ఉంటుంది, ఎప్పుడూ ఎక్కింది. మా తాత కాలంలో అది సున్నంలోంచి, మట్టిలోంచి బయటికి ఆరిపోయేది. మేము సిమెంటు వేసి, దానిమీద ప్లాస్టిక్ పొర కప్పి ఆ దారి మూసేశాం. లోపలి తడి ఎక్కడికి పోతుంది? లోపలే ఉండి మట్టిని నానబెట్టింది. ఎండకు, వానకు సిమెంటు కదిలేది ఒక తీరు, మట్టి కదిలేది ఇంకో తీరు. ఏదో ఒక రోజు విడిపోవాల్సిందే.

నేల మీద ప్లాస్టిక్ షీటు కప్పితే కింద మట్టి ఏమవుతుందో మనకు తెలుసు. అదే పని గోడకు చేసుకొని, రంగు కంపెనీ మోసం చేసిందని తిట్టుకుంటున్నాం.

పెయింటరును పిలిచి అడిగితే కొలతలు తీసుకున్నాడు. లోపలా బయటా కలిపి దాదాపు 1,800 చదరపు అడుగులు. పాతది కొట్టి మళ్లీ సిమెంటు పూతకు సామానుతో కలిపి అడుగుకు 45 రూపాయలు, పుట్టీ, ప్రైమరు, రెండు కోట్ల ఎమల్షన్‌కు 28 రూపాయలు. మొత్తం 1,31,400. నేను చెక్క గానుగ నూనె వ్యాపారం చేస్తాను. రెండో గానుగ పెట్టాలని రెండేళ్లుగా కూడబెడుతున్న డబ్బు కూడా అంత లేదు. అప్పటికి పదేళ్ల కింద మా నాయన నిలబడిన చోటే నేనూ నిలబడ్డాను.

ఇక్కడ మన ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లను ఒక మాట అడగాలి. నన్ను నేను అడుక్కున్నదే. మన ఇళ్లల్లో 200 లీటర్ల డ్రమ్ము ఉంటుంది. అందులో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి రోజూ కలుపుతాం. పాత కాలపు గోడపని చేసే మేస్త్రీని అడిగి చూడండి, ఆయన చెప్పే సామాను ఏమిటో. పేడ, బెల్లం, కరక్కాయ, మట్టి, గడ్డి, సున్నం. సగం మన డ్రమ్ములోదే. మన దొడ్లోనే ఉన్నవి వదిలేసి, పొలంలో కెమికల్ వద్దు అని మీటింగులు పెట్టి, ఇంటికొచ్చి ప్లాస్టిక్ పెయింటు వాసనలో పడుకుంటున్నాం. నేను ఏడేళ్లు అట్లే పడుకున్నాను, ఇంకొకరిని అనడానికి లేదు.

అయితే ఒకటి. పేడ అలికిన గోడ రేడియేషన్ ఆపుతుంది, ఇంకేదో జబ్బు నయం చేస్తుంది అని వాట్సాప్‌లో తిరిగే మాటలు నా దగ్గర వినపడవు. పేడ గోడకు ఎందుకు మంచిదో చెప్పడానికి అంత దూరం పోనక్కర్లేదు. అందులో సన్నని పీచు ఉంటుంది, అది మట్టిని పట్టి ఉంచుతుంది, పగుళ్లు తగ్గిస్తుంది. జిగురు ఉంటుంది. అంతవరకు చాలు. మనం లేనిపోనివి చెబితే రేపు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

ఇక పని సంగతి. మొదట నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే వీడియోలో దాన్ని నవ్వుతూ చెప్పాను గానీ ఆ రోజు నవ్వు రాలేదు. సిమెంటు అంతా కొట్టించి, నెలన్నర ఎండలకు గోడలు ఆరనిచ్చి, మట్టి దగ్గరే ఉంది కదా అని మా చేలోంచి ఒక ట్రాలీ తోలించాను. మాది నల్లరేగడి. దక్షిణపు గోడకు పూయించాను. నాలుగో రోజుకు ఆ గోడ ఎండిన చెరువు లాగా బీటలు వారింది. వేలు దూరేంత సందులు. ఒక ముసలి బేల్దారి మేస్త్రీ మామ చూడడానికి వచ్చి, "ఏమప్పా, అగ్రికల్చరు చదివినావంట గదా, రేగడి గోడకేస్తారా ఎవురన్నా?" అన్నాడు. నిజమే. డిప్లొమా మొదటి ఏడాదిలోనే చెప్తారు, రేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది అని. పత్తికి, శనగకు దాన్ని గుర్తుపెట్టుకున్నాను. గోడ దగ్గర మర్చిపోయాను. రెండు రోజుల కూలి, ఒక ట్రాలీ మట్టి పోయాయి. (ఆ మట్టి మళ్లీ చేలోకే పోయింది, దానికి మాత్రం నష్టం లేదు.)

గోడకు ఎర్రమట్టి కావాలి. అందులో కూడా ఏ మట్టిలో ఎంత బంక ఉందో చూసుకోవాలి. మనం భూసార పరీక్షకు చేసే సీసా పద్ధతే. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి ఒక రోజు కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, దానిపైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంకమన్ను పేరుకుంటాయి. పూతకు మొత్తం మీద బంక నాలుగో వంతు, అటూ ఇటూగా ఉంటే చాలు. మా కొండ దగ్గరి ఎర్రమట్టిలో ఎక్కువ ఉంది, కాబట్టి ఒక పాలు మట్టికి రెండు పాళ్లు ఇసుక పట్టింది. మీ మట్టికి ఇంకో లెక్క వస్తుంది. అందుకే ఇంటి వెనక గోడకు అడుగు వెడల్పు చదరాలు ఆరు, ఆరు రకాల పాళ్లతో పూసి వారం రోజులు వదిలేశాం. ఏది పగల్లేదో, ఏది వేలితో రుద్దితే రాలలేదో అదే ఇల్లంతా. ఈ వారం ఆగడానికి ఓపిక లేనివాళ్లు మట్టిపూత జోలికి పోవద్దు.

గడ్డికి కొర్రగడ్డి వాడాను, చాఫ్ కట్టర్‌లో రెండు అంగుళాల ముక్కలుగా కొట్టించి. మట్టి, గడ్డి, నాలుగు గంపల పేడ కలిపి గుంతలో నీళ్లు పోసి పది రోజులు పులవబెట్టాం. రోజూ తొక్కాలి. రెండు రోజులు ఇరుగుపొరుగు వాసనకు ముక్కు మూసుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. శనక్కాయ పొట్టు గానుగ దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది కదా అని దాంతో ఒక చదరం వేసి చూశాను. పొట్టు పొట్టి ముక్కలు, పీచు లేదు, పూత పెళుసుగా వచ్చింది. అది మల్చింగుకే మంచిది.

సిమెంటు కొట్టిస్తానని చెప్పిన రోజు మా నాయన ఏమీ అనలేదు. తువ్వాలు భుజాన వేసుకొని చేనికి పోయాడు. సాయంత్రం దాకా రాలేదు. పదేళ్లు లోను కట్టిన గోడను కొడుకు సుత్తితో కొట్టిస్తుంటే చూడడానికి ఎవరికి మనసొప్పుతుంది? నేను కూడా సముదాయించలేదు, నాకు చేతకాలేదు. రేగడి గోడ పగిలిన రోజు వచ్చి కాసేపు నిలబడి చూసి, "మీ తాత మన్ను వాగు అవతలి దిబ్బనుంచి తెచ్చినాడు" అన్నాడు. అంతే. మరుసటి రోజు ట్రాక్టరు ముందు కూర్చొని దారి చూపించాడు. తర్వాత పది రోజులు గుంతలో మట్టి తొక్కింది ఎక్కువగా ఆయనే. వీడియోలో కాళ్లు మాత్రమే కనపడే ఆయన మా నాయనే, ముఖం చూపించొద్దన్నాడు.

పూత వేసేటప్పుడు గోడను ముందురోజే తడపాలి, పొడిరాయి మీద మట్టి నిలవదు. మొదటి పూత చేత్తో ముద్దలు విసిరి కొట్టాలి, రాళ్ల సందుల్లోకి దూరేట్టు. అది బెరుగ్గా ఉండగానే గీతలు పెట్టి, ఆరాక రెండో పూత సన్నగా. మొత్తం మందం అంగుళానికి మించనివ్వలేదు.

ఇక్కడే మా ఇంట్లో గొడవ వచ్చింది. నా ఆలోచన ఏమిటంటే, పైన ఇంకేమీ వద్దు, పేడ, ఎర్రమట్టి కలిపి అలుకుదాం, చూడ్డానికి బాగుంటుంది, వీడియోకూ బాగుంటుంది. మా ఇంటామె ఒకటే మాట అంది. "ఎన్ని రోజులకొకసారి అలకాలి? ఎవరు అలుకుతారు? నువ్వు అలుకుతానని కెమెరా ముందు చెప్పు, నేను ఒప్పుకుంటా."

నోరు పడిపోయింది. మా అవ్వ గుర్తొచ్చింది. ప్రతి పండక్కీ ఇల్లంతా, వారానికోసారి వంటిల్లు, మోకాళ్ల మీద కూర్చొని అలికేది. చలికాలంలో వేళ్ల సందుల్లో చర్మం పగిలి రక్తం వచ్చేది, ఆముదం రాసుకునేది. పాత ఇళ్లు ఎంత చల్లగా ఉండేవో, ఎంత అందంగా ఉండేవో మనం వీడియోల్లో తెగ చెప్తాం. చెప్పేది ఎక్కువగా మగవాళ్లం. ఆ అందం ఖరీదు రూపాయల్లో లేదు కాబట్టి "జీరో బడ్జెట్" అనేస్తాం. ఇంటి ఆడవాళ్ల రెక్కలను లెక్కలో వేయకపోతే ఏ పనైనా చౌకే. నా అభిప్రాయం ఇది, కోపం వచ్చినా పర్లేదు: వారం వారం ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చోవాల్సిన గోడ తక్కువ ఖర్చు గోడ కాదు.

కాబట్టి మట్టిపూత మీద సున్నం వేశాం. సున్నం ఒకసారి సరిగ్గా వేస్తే రెండు మూడేళ్లకు ఒక పూత చాలు, అది కూడా బ్రష్షుతో నిలబడి వేసుకునేది. పైగా మా ఇంటామె అడిగినదే సాంకేతికంగా కూడా సరైనది. అలికిన గోడ ఒంటికి తగిలితే బట్టలకు అంటుతుంది, సున్నం అంటదు, సరిగ్గా వేస్తేనే సుమా.

ఆ "సరిగ్గా" దగ్గరే ఇప్పటి వాళ్లు తప్పుతున్నారు. షాపులో పొడి సున్నం సంచి తెచ్చి, బకెట్లో కలిపి, అదే సాయంత్రం గోడకు కొట్టి, చేతికి అంటుతోంది, సున్నం మంచిది కాదు అంటారు. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిస్తే రాతి సున్నం వస్తుంది. దాన్ని నీళ్లలో వేస్తే కుతకుతా ఉడికి మెత్తబడుతుంది. గోడ మీద అది మెల్లగా గాలిలోని బొగ్గుపులుసు గాలిని తీసుకొని మళ్లీ రాయి అవుతుంది. అంటే మనం గోడకు పూసేది పల్చని రాతి పొర. రాయి కావడానికి దానికి కాలం కావాలి, కొంచెం తడి కావాలి. ఎర్రటి ఎండలో పూస్తే ఆరిపోతుంది గానీ రాయి కాదు, అందుకే చేతికి అంటుతుంది.

నేను 25 కిలోల సంచులు పది తెచ్చాను. ఉడికించేటప్పుడు జాగ్రత్త. ఇనుప డ్రమ్ములోనే చేయండి, ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి నిలవదు. ముందు నీళ్లు పోసి అందులోకి సున్నం కొంచెం కొంచెంగా వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వద్దు. కంట్లో పడితే చూపే పోవచ్చు. పాత కాలం వాళ్లు ఏ తొడుగులూ లేకుండా చేశారు కదా అనే వాదన నాకు చెప్పొద్దు, వాళ్ల చేతులు చూసినవాణ్ని. ఉడికిన సున్నాన్ని వడగట్టి, పైన నీళ్లు నిలిపి ఉంచి నెల రోజులు నానబెట్టాం. వెన్నలాగా అవుతుంది.

పూతకు దాన్ని వెన్న తీసిన పాలంత పల్చగా కలపాలి. చిక్కగా ఉంటే పెచ్చులూడుతుంది. గోడకు నీళ్లు చిలకరించి, సాయంత్రం పూట, రోజుకు ఒక పూత చొప్పున నాలుగు. మొదటి పూత వేసినప్పుడు ఏమీ కనపడదు, మనసు కుంగిపోతుంది, ఆరాక తెల్లబడుతుంది. చివరి రెండు పూతల్లో విరగ్గొట్టిన పాల ముద్దను సున్నంతో రుద్ది కలిపాను. వెన్న తీసిన పాలైతే మంచిది. పాలల్లోని మాంసకృత్తి సున్నంతో కలిస్తే గట్టి జిగురవుతుంది. ఆవులున్న మనకు ఇది కొనే పని లేదు. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి, మర్నాటికి కంపు.

రంగుల కోసం నేను పడ్డ పాట్లు ఇంకో కథ. సహజమైన పసుపు రంగు కావాలని సున్నంలో పసుపు కలిపాను. ఎర్రబడింది! పారాణి ఎట్లా చేస్తారో చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నా, పసుపు, సున్నం కలిస్తే ఎర్రగా అవుతుందని ఆ నిమిషానికి తోచలేదు. మా ఇంటామె పడీపడీ నవ్వింది. అయినా బాగుందిలే అని ఒక గోడకు వేస్తే కిటికీ ఎండకు నెలలోనే వెలిసిపోయింది. పూలు, ఆకుల రంగులు గోడకు నిలవవు. సున్నానికి మట్టి రంగులే సరి: జాజు, పసుపు సుద్ద, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు. అవి కూడా సున్నం బరువులో పదో వంతు మించొద్దు, మించితే రాలిపోతుంది. మా వరండాలో కింద మూడడుగులు జాజు, పైన తెలుపు, మధ్యలో బొటనవేలంత చుక్కల వరస. ఆ చుక్కలు పెట్టింది మా అమ్మ, పాప కలిసి, చూపుడువేలికి గుడ్డ చుట్టుకొని. ఆ చుక్కల వరస ఒక చోట వంకర పోయింది, సరిచేయొద్దన్నాను.

బయటి గోడలకు అసలు పూతే వేయలేదు. సిమెంటు ఊడదీశాక లోపలి నాపరాళ్లు చూస్తే ఇంత మంచి రాయిని మూసేసి పైన ఆకుపచ్చ రంగు ఎందుకేశామా అనిపించింది. రాళ్ల మధ్య సందులు మాత్రం గీకి, సున్నం, ఇసుక కలిపి నింపాం. దానికి కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం వేసి వారం నానబెట్టిన నీళ్లు వాడాం. బెల్లం మా మేస్త్రీ మామ చెప్పినదానికంటే నేను కొంచెం ఎక్కువ వేశాను, జీవామృతం అలవాటు. గోడంతా చీమలు. చెప్పినంతే వేయండి.

స్నానాల గది, పొయ్యి వెనక గోడ, బయట వాన కొట్టే అడుగుభాగం, ఈ మూడింటికీ మట్టి పనికిరాదు. వాటికి బేతంచెర్ల పోయి పాలిషింగ్ యూనిట్ల దగ్గర పారేసిన బండముక్కలు ఒక ట్రాక్టరు తెచ్చాను. నలుపు, పసుపు, ఆకుపచ్చ, బూడిద, అన్ని రంగులూ ఉన్నాయి. వాటిని ఎట్లా పేర్చాలో నేలమీద ముందు పరిచి చూసుకొని గోడకు పెట్టించాం. కొత్త టైల్స్ వేసిన మా బావ ఇంట్లో కంటే ఇదే బాగుందని మా అక్కే అంది. బావ ముందు అనలేదు.

ఖర్చు అడుగుతారని తెలుసు. మేస్త్రీలు ఇద్దరు 14 రోజులు, రోజుకు 900, మొత్తం 25,200. కూలి ఇద్దరికి రోజుకు 600 చొప్పున 16,800. ఇసుక 8,000, ఎర్రమట్టి తోలినందుకు 1,500, సున్నం 3,000, కరక్కాయ, బెల్లం 1,400, బండముక్కలు బాడుగతో 4,000, బ్రష్షులు, జాజు, చిల్లర సామాను 1,600. అంతా 61,500. పెయింటరు చెప్పినదాంట్లో సగం కంటే తక్కువ. కానీ పాత సిమెంటు కొట్టింది మేమే, మట్టి తొక్కింది మేమే, సున్నం పూసింది మేమే. ఆ రోజులకు కూలి కట్టలేదు. కట్టి ఉంటే ఇంకో ఇరవై వేలు పైమాటే. నల్లరేగడి తప్పు ఖర్చు కూడా ఇందులో వేయలేదు, సిగ్గుపడి. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి: ఈ 61,500లో 42,000 మా ఊరి మనుషుల చేతికే పోయింది. డబ్బాల్లో రంగు కొంటే అది జిల్లా దాటిపోయేది.

అందరూ ఇదే చేయమని చెప్పడం లేదు. మీది ఇటుక, సిమెంటు ఇల్లయి, ప్లాస్టరింగు గట్టిగా ఉంటే దాన్ని పగలగొట్టకండి, అది పిచ్చిపని. పాత ఎమల్షన్ మీద సున్నం పట్టదు, దాన్ని గీకేయాల్సి ఉంటుంది. గీకే ముందు ఒక మాట. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగులు, ముఖ్యంగా తలుపులకు, కిటికీలకు వేసిన ఆయిల్ పెయింట్లు పొడిగా గీకొద్దు. తడిపి గీకండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి, ఆ పొడి దొడ్లో, పేడదిబ్బలో పడకుండా చూడండి. అదంతా ఎందుకనుకునేవాళ్లకు ఖాదీ వాళ్ల పేడ పెయింటు ఉంది. 2021 జనవరి 12న విడుదల చేశారు, అప్పుడు ప్రకటించిన ధర డిస్టెంపర్ లీటరు 120, ఎమల్షన్ 225 రూపాయలు. సిమెంటు గోడలున్న పట్నం వాళ్లకు అది మంచిదే అంటాను. దొడ్లో నాలుగు ఆవులు పెట్టుకొని పేడను డబ్బాలో కొనడం మాత్రం నాకు మింగుడు పడదు.

కేరళలో పనిచేసిన లారీ బేకర్ అనే ఇంజనీరు లాంటి ఆర్కిటెక్టు గురించి మీలో కొందరు వినే ఉంటారు. ఇంగ్లండులో పుట్టి ఇక్కడే ఉండిపోయినాయన. ఐదు మైళ్లలోపు దొరికే సామానుతోనే ఇల్లు కట్టాలని గాంధీ చెప్పిన మాట తనను మార్చిందని ఆయన చెప్పుకునేవాడు. మా ఎర్రమట్టి రెండు కిలోమీటర్లు, గడ్డి మా చేనిది, ఇసుక, సున్నం, బండముక్కలు మాత్రం ఐదు మైళ్లు దాటాయి. ఆ లెక్కన నేను ఫెయిలే. అయినా పాత ఎమల్షన్ డబ్బా ఏ ఊరినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

గొప్పలు చెప్పడానికి లేదు. మొన్న వానలకు పడమటి గదిలో మూలన మళ్లీ చెమ్మ కనపడింది, చెయ్యి వెడల్పు. గుండె గుబేలుమంది. నాలుగు రోజులు చూశాను, ఆరిపోయింది, మచ్చ మాత్రం మిగిలింది. వంటింటి కొళాయి దగ్గర పైపు కారి మట్టిపూతలో గడ్డికి చెదలు పట్టాయి, అక్కడ రెండడుగులు కొట్టి పైపు బాగుచేయించి మళ్లీ వేశాం. మట్టిగోడ చెప్పేస్తుంది, ఎక్కడ నీళ్లు కారుతున్నాయో. సిమెంటు పదేళ్లు దాచి ఒకేసారి మంచం మీద వేసింది.

పాప మంచం మళ్లీ పడమటి గదిలోకే వేశాం. మొదటి వారం నేను కింద చాప వేసుకొని అక్కడే పడుకున్నాను. మా నాయన రాత్రి ఒకసారి లేచొచ్చి గోడకు అరచెయ్యి ఆనించి చూసిపోయేవాడు, నేను నిద్రపోతున్నాననుకొని.

వంటింటికి నాలుగో పూత ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఆదివారం సాయంత్రం వేస్తున్నాం, దాన్ని కూడా షూట్ చేస్తాను. మీ ఇంటి మట్టి సీసా ఫొటో తీసి వీడియో కింద పెట్టండి, ఇసుక ఎంత కలపాలో నాకు తోచింది చెప్తాను. నల్లగా ఉంటే మాత్రం ఫొటో కూడా వద్దు.